ఏటా రెండుసార్లు తొండం గాలి

సముద్రపు ఒడ్డున తొండం గాలి ఎన్నాళ్లకోసారి వస్తుందన్న విషయంలో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీకంతటికీ ఒకప్పుడు నా మాటే వేదం. ఆ గాలిని నేను ఎన్నడూ చూడలేదన్నది అందులో చిన్న లోపం. మబ్బు అడుగు నుంచి ఏనుగు తొండంలా నల్లగా దిగి, గిర్రున తిరుగుతూ నీళ్లు పీల్చుకునే సుడిగాలి అది. మా భీమిలి వైపు దాన్ని తొండం గాలి అనేవారు. మా నాయనమ్మ చిన్నతనంలో ఒక్కసారి చూసిందట, అదీ దూరంగా, సముద్రం మీద. పక్కనున్నవాళ్లని పిలిచేలోపలే తెగిపోయి మబ్బులో కలిసిపోయిందట. మా వంశానికి దానితో ఉన్న చుట్టరికం అంతే. ఆ పిసరంత చుట్టరికాన్ని పట్టుకుని నేను ఎంత దూరం పోయానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పెళ్లయి బిలాస్‌పూర్ వచ్చేసరికి మామగారు లేరు. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. రెండు గదుల క్వార్టరులో ఆయన, నేను, మా అత్త. అత్త పుట్టింది విజయనగరం వైపే అయినా, ఈ రైలు లైను వేసే రోజుల్లో కంకర పనికొచ్చిన తండ్రి వెంట పసిపిల్లగా వచ్చేసి, గుడారాల్లో పెరిగింది. తేలుని పటకారుతో పట్టి అవతల పారేసి, అదే చేత్తో పప్పు కలిపేది. ఇంజను కూతకి ఆవిడ నిద్ర చెడేది కాదు, కూత వినబడకపోతేనే చెడేది. సముద్రం మాత్రం ఎరగదు. అందుకని నన్ను మొదట్లో కాస్త గౌరవంగానే చూసింది. ఆ గౌరవం వేసవి వచ్చేదాకా నిలిచింది.

ఆ ఊరి ఎండ ఎలాంటిదో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఒక మధ్యాహ్నం వాకిట్లో తాడు మీద చీరలు ఆరేసి లోపలికి తిరిగానో లేదో, బొగ్గు గుట్టల వైపు నుంచి తాటిచెట్టంత దుమ్ము స్తంభం ఒకటి గిరగిరా తిరుగుతూ మా క్వార్టర్ల లైనులోకి వచ్చింది. కాగితాలు, ఎండుటాకులు, పక్కింటి వాళ్ల చేట, నా పుట్టింటి నేత చీర, అన్నీ అందులో బొంగరాల్లా తిరుగుతున్నాయి. నేను అమ్మో అని అరిచి, నాలుగు కాళ్ల మీద పాకి, బియ్యం పీపా వెనక దూరాను. గాలి ఆ చీరని కాలువలో పారేసి తన దారిన పోయింది. నేను మాత్రం పీపాని వాటేసుకుని, ఏడుస్తూ, అక్కడే ఉండిపోయాను.

అత్త వచ్చి వంగి చూసింది. "ఏటే పిల్లా, ఏటైపోనాదని? ఈ గాలిని ఇక్కడి కుక్కలు కూడా లెక్కసెయ్యవు. సముద్రం ఒడ్డు పిల్లవి, ఈమాత్రం దానికే పీపా ఎనక దూరిపోతే ఎలగే?"

అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం కుళాయి దగ్గర, లైనులోని ఆడవాళ్లందరి ముందూ, నేను పాకిన తీరు ఆవిడ పాకి చూపించింది. పక్క క్వార్టర్ హిందీ ఆవిడ నవ్వలేక బిందె కింద పెట్టేసింది. పక్కనున్న తోర్వా పేట నుంచి పాలు తెచ్చే ముసలమ్మ పళ్లులేని నోటితో నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం వస్తే నా నోటికి కళ్లెం ఉండదు, అది పుట్టుకతో వచ్చిన గుణం.

"ఇదీ ఒక గాలేనేటి!" అన్నాను. "మా ఊరి తొండం గాలి సూత్తే తెలస్తాది మీకు. ఆకాశం నుంచి సముద్రంలోకి దిగిపోతాది. పడవల్ని ఎత్తి తాటిసెట్ల మీద పెడతాది. గాలనేసరికి అలవాటు కొద్దీ దాక్కున్నాను. ఇక్కడి గాలి ఇంత సిన్నదని నాకేటి తెల్సు?"

అత్త కళ్లు పెద్దవి చేసి అడిగింది. "ఎన్నాళ్లకోపాలి వత్తాదే?"

"ఏటా రెండుసార్లు."

రెండే ఎందుకన్నానంటే, ఒకసారంటే పల్చగా ఉందనిపించింది, మూడంటే నమ్మరనిపించింది. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా. అతికింది. అతికిందంటే మళ్లీ ఊడదీయలేనంతగా అతికింది.

ఆ రోజు నుంచి కుళాయి దగ్గర నాకు పెద్దపీట. పక్కావిడ "అచ్ఛా, ఆ మేక సంగతి మళ్లీ చెప్పు" అనేది. తొండం గాలి ఎత్తుకుపోయిన మేక అది. మొదటి ఏడు మేకే. రెండో ఏడు దూడయింది. తరవాత పాడి ఆవయి, పొరుగూళ్లో దిగి, అక్కడ పాలు కూడా ఇచ్చింది. మబ్బు పట్టిన రోజున అప్పడాలు ఎండబెట్టుకోవచ్చా అని నన్నడిగేవారు. నేను నడుం మీద చెయ్యి వేసుకుని, పడమటి ఆకాశం వైపు కనుబొమలు ముడిచి చూసి, "ఏటీ పర్వానేదు" అనేదాన్ని. ఎన్ని ఇళ్ల అప్పడాలు తడిశాయో నేను చెప్పను. తడిసినప్పుడల్లా నా పరువు పోలేదు సరికదా, "సముద్రం మబ్బులు తెలిసిన మనిషి, మన మబ్బులు ఆమెకెలా తెలుస్తాయి" అని వాళ్లే సర్దిచెప్పుకునేవారు. పెద్దపేరు వచ్చినవాళ్లకి అదొక సుఖం.

రోకలి గొడవ కూడా నేను తెచ్చిపెట్టుకున్నదే. పెనుగాలి వీస్తే మా వైపు ఇళ్లలో రోకలిని వాకిట్లోకి గిరాటేస్తారు. గాలి తగ్గుతుందని నమ్మకం. ఆ పాత ఆచారానికి నేనొక కొత్త తోక తగిలించాను. సముద్రపు ఒడ్డున పుట్టిన ఆడది విసిరితేనే అది పని చేస్తుందన్నాను. అత్త వెంటనే రోకలి తెచ్చి వీధి తలుపు పక్కన నిలబెట్టింది. ఇక వేసవిలో దుమ్ము లేచినప్పుడల్లా, "పిల్లా, రోకలి!" అని కేక. నేను తలుపు చాటున నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, రోకలిని బయటికి తోసేదాన్ని. ఒకసారి నీళ్ల కుండ పగిలింది. ఒకసారి షెడ్డు నుంచి వస్తున్న మా ఆయన ఎగిరి గంతేశారు. అక్కడి సుడిగాలి ఎలాగూ తమలపాకు నమిలేలోపల పోయేదే. పోగానే అత్త చుట్టూ చూసి, "సూసినారా, మా కోడలు రోకలేసినాది" అనేది. గాలి పోయింది నా వల్ల కాదని చెప్పే నిజాయితీ నాకు ఎప్పుడూ ఉండేది, కానీ ఎవరూ అడగలేదు.

ఇలా ఏళ్లు గడిచాయి. పిల్లలు పుట్టారు. గోల్ బజార్‌లో హిందీలో బేరమాడడం నేర్చుకున్నాను. అర్పా నదిని నది అని ఒప్పుకోవడం కూడా నేర్చుకున్నాను, వేసవిలో అందులో ఇసక తప్ప మరేమీ లేకపోయినా. ఒక్కదానికి మాత్రం అలవాటు పడలేదు. మా ఊళ్లో పొద్దు వాలే వేళకి సముద్రపు గాలి వచ్చి వీపు నిమిరేది. ఇక్కడ ఆ వేళకి గోడలు వేడి కక్కేవి. నేను గుమ్మంలో కూర్చుని తూర్పు వైపు చూసేదాన్ని. ఆ గాలి కోసం నాకు ఏడుపొచ్చేది. ఇందులో వేళాకోళం ఏమీ లేదు, నిజంగానే ఏడ్చేదాన్ని.

అలాంటి రోజుల్లో మా ఆయన ఒక సాయంత్రం మసి చేతులతోనే గుమ్మంలో నిలబడి చెప్పారు. వాల్తేరు షెడ్డులో ఒక ఫిట్టరు ఇటు రావాలనుకుంటున్నాడు. ఒకరి చోటికి ఒకరు మారిపోవచ్చు. పైవాళ్లు ఒప్పుకున్నారు. వానలు పడేలోపల మనం ఔనంటే చాలు.

వాల్తేరు! సముద్రం పక్కనే! పిల్లల్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. ఆయన మాత్రం గొంతు తగ్గించి, "అమ్మ ఔనంటేనే" అన్నారు. తల్లిని వదిలి కదిలే మనిషి కాదాయన. కదలమని అడిగే ధైర్యం నాకూ లేదు.

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "నాను రాను. ఏటా రెండుపాల్లు ఆకాశం నుంచి తొండం దిగే సోటికి నా మనవల్ని తీసుకెళ్లి అప్పసెప్పమంటావేటి?"

కుడితిలో పడ్డ ఎలకలా అయింది నా పని. ఇన్నేళ్లూ పెంచిన తొండాన్ని ఇప్పుడు నేనే కురచ చెయ్యాలి. మొదట, "రెండుసార్లంటే ఏటా కాదత్తా, పదేళ్లకి రెండుసార్లు" అన్నాను. అత్త నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. నా శ్రోతలు నా మాటలు నాకంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. "నహీ, ఏటా అనే చెప్పావు, వానల ముందొకసారి, తరవాతొకసారి" అంది పక్కావిడ. అది నీళ్ల మీదే ఉంటుంది, నేల మీదికి రాదన్నాను. "మరి ఆవు?" అంది పాల ముసలమ్మ. ఆవు ఈదుకుంటూ వెళ్లి ఉంటుందని చెప్పలేక ఊరుకున్నాను.

చివరికి రైల్వే స్కూలు మాస్టారిని ఇంటికి పిలిచాను. పాపం, పెద్దమనిషి, కాఫీ తాగుతూ చక్కగా చెప్పారు. "నేల బాగా వేడెక్కి, ఆ వేడిగాలికి చల్లగాలి ఎదురుపడిన చోటే ఇలాంటి పెద్ద సుడులు ఎక్కువగా లేస్తాయమ్మా. సముద్రపు ఒడ్డున గాలి చల్లగా ఉంటుంది కనక అక్కడ అరుదు. వచ్చినా నీళ్ల మీదే లేచి, ఒడ్డు తగలగానే చాలావరకు చచ్చిపోతాయి."

నేను గర్వంగా అత్త వైపు చూశాను.

"అరుదంటే ఏటి బాబూ?"

"ఎప్పుడోగాని రాదమ్మా."

"అయితే వత్తాదన్నమాట. సాలామటుకు సచ్చిపోతాయంటే, సావనివి కూడా ఉన్నాయన్నమాట."

మాస్టారు అబద్ధం ఆడలేని మనిషి. "అసలు రాదని ఎవరూ అనలేరు" అన్నారు. ఆయన చేతిలోని కాఫీ గ్లాసు లాక్కోవాలనిపించింది.

ఇక దారి లేక ఉన్నమాట చెప్పేశాను. "అత్తా, నాను ఆ గాలిని సూడనేదు. మా నాయనమ్మ ఒక్కపాలి సూసినాదట. అంతే. మిగతాదంతా కల్పించి సెప్పినాను."

అత్త జాలిగా నవ్వింది. "పుట్టింటికాడికి పోడానికి ఎంత అబద్దమైనా ఆడతావే! ఆ దినం పీపా ఎనక నీ మొకం నాను సూసినాను కదా. పెద్ద గాలి సూడనోలికి అంత బయం రాదు."

చూశారా? నా అబద్ధానికి నా పిరికితనమే వచ్చి సాక్ష్యం చెప్పింది. నిజం చెప్పిన ఒకే ఒక్కసారి నన్ను నమ్మేవాళ్లు లేకపోయారు.

వైశాఖం ఎండలో ఒకనాడు మా లైనులోకి పెద్ద సుడి వచ్చింది. బొగ్గు కొట్టం మీది రేకు లేపుకుపోయింది. నేను అలవాటుగా రోకలి తోశాను, అలవాటుగా కళ్లు మూసుకున్నాను. తగ్గాక ఇద్దరం గుమ్మంలో కూర్చుని, జుట్టులోంచి దుమ్ము దులుపుకుంటున్నాం. నాకు కడుపు మండిపోయింది. "ఇక్కడేమో రోజూ వత్తాది, అక్కడేమో జన్మకో పాలి. ఏది నయమో నువ్వే సెప్పత్తా" అన్నాను.

అత్త నా జుట్టులోని దుమ్ము కూడా దులిపింది. తరవాత మెల్లిగా అంది. "రోజూ వచ్చేది ఇంటి మనిషే. దాని రాకా పోకా నాకు తెల్సు. ఇక్కడ నువ్వు బయపడితే నానున్నాను. అక్కడికెల్లి నాను బయపడిపోతే, నువ్వు నవ్వవా?"

తేళ్లని పటకారుతో పట్టే మనిషి ఆ మాట అనడం నేను ఊహించలేదు. "నవ్వనత్తా. పిల్లల మీద ఒట్టు" అన్నాను.

"అయితే ఒకపాలి సూసొద్దాం. ఆ తరవాత సెప్తాను" అంది.

రైల్వే పాసు మీద రాయపూర్ మీదుగా అందరం బయల్దేరాం. అత్త చాపలో రోకలి చుట్టి తెచ్చింది. నడిరాత్రి అది పై పలక మీంచి దొర్లి ఒక పెద్దమనిషి కాళ్ల మీద పడితే, "సముద్రం కోసం బాబూ" అని ఆయనకి సర్దిచెప్పింది. ఆయన మరో పెట్టెలోకి మారిపోయారు.

సముద్రం నా పరువు నిలబెట్టింది. అంటే, ఏమీ చెయ్యలేదు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అలలు బుద్ధిగా వచ్చి బుద్ధిగా పోయాయి. భీమిలిలో మా అన్నయ్య ఇంటి అరుగు మీద గాలికి అత్త హాయిగా నిద్రపోయింది. చేపల పులుసు మారు వడ్డించుకుంది. పగలంతా దూరంగా ఇసక మీద రోకలి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆకాశం వైపు కాపలా కాసింది. సాయంత్రం లేస్తూ, "గాలి బాగున్నాదే" అనేది. నేనప్పటికే మనసులో వాల్తేరు క్వార్టరులో పొయ్యి ఎక్కడ పెట్టాలో, మంచం ఎక్కడ వెయ్యాలో నిర్ణయించేశాను.

బయల్దేరే రోజున, మా ఆయనా పిల్లలూ ఇంటి దగ్గర మూటలు కడుతుండగా, కాళ్లయినా తడుపుకోమని నేనే బతిమాలి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, రెండో చేత రోకలితో దిగింది. అల వచ్చి పాదాలు కప్పింది. నవ్వింది. అల వెనక్కి పోతూ ఆవిడ పాదాల కింది ఇసకని లాగేసింది. సముద్రం ఎరిగినవాళ్లకి అది చక్కిలిగింత. అత్తకి మాత్రం నేలే జారిపోతున్నట్టయింది.

"ఓలమ్మో! బూమి ఎల్లిపోతన్నాది!" అని కేక వేసి, రోకలి వదిలేసి, నాలుగు కాళ్ల మీద ఇసకలో పాకుతూ, ఒడ్డున బోర్లించిన పడవ వెనక దూరింది.

చేపలు ఏరుకుంటున్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. కడుపు పట్టుకుని, కూలబడి, కళ్ల నీళ్లు కారేలా నవ్వాను. నా పీపా గుర్తొచ్చిన కొద్దీ నవ్వు ఇంకా ఎక్కువైంది. తల ఎత్తేసరికి అత్త పడవ చాటు నుంచి నన్నే చూస్తోంది. కోప్పడలేదు. వచ్చి నా పక్కన నిలబడి, చీర కొంగుతో ఇసక దులుపుకుంది. రోకలి అప్పటికి చాలా దూరం పోయింది.

తిరుగు ప్రయాణంలో అత్త నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మా ఆయన అడిగితే మాత్రం, "బాగున్నాదిరా. ఇంటికాడికెల్లి సెప్తాను" అంది. ఒట్టు సంగతి నాకు గుర్తుంది. కానీ వాల్తేరు ఇంకా చేతికందేలానే ఉంది. సిగ్గు ఒక పక్క, ఆశ ఒక పక్క లాగితే, దాచుకోవడం ఎందుకు, నేను ఆశ వైపే ఒరిగాను.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర లైనంతా గుమిగూడింది. మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ, ఆ రోజు షెడ్డులో ఔనో కాదో చెప్పెయ్యాలి కనక, తల్లి మాట కోసం వాకిట్లోనే ఆగారు.

"ఏమ్మా, రోకలేది?" అంది పాల ముసలమ్మ. "అరే, తొండం కనబడిందా?" అంది పక్కావిడ, అప్పుడే నవ్వడానికి సిద్ధంగా.

అత్త బిందె కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుంది. పడమటి వైపు చూసి కనుబొమలు ముడిచింది. అది నేను చూసే చూపే.

"సూసినాను" అంది. "ఎల్లొచ్చే దినం దిగినాది. నల్లగా, తిన్నగా, ఆకాశం నుంచి నీల్లలోకి. నాను కదల్నేదు. కాలు కింద బూమి ఎల్లిపోతన్నా కదల్నేదు. రోకలి ఇసిరేసినాను. దాంతోపాటే ఎత్తుకుని పోనాది."

నాకంటే బాగా చెప్పింది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అంత నమ్మకంగా చెప్పలేకపోయాను. అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. "నిజమా?" అంది పక్కావిడ. వాకిట్లోంచి మా ఆయన కూడా నా వైపే చూస్తున్నారు.

నేను ఏమీ చెప్పనక్కర్లేదు. చిన్నగా నవ్వితే చాలు. పడవ, ఇసక, పాకుడు, అన్నీ ఆ నవ్వులోనే బయటపడతాయి. తొండం లేదని తేలిపోతే అత్తకి కాదనే సాకు మిగలదు, వాల్తేరు వెళ్లిపోవచ్చు. అత్త నా వైపు చూడలేదు. బిందె అంచు పట్టుకుని నీళ్ల వైపు చూస్తూ నిలబడింది.

"నిజమే," అన్నాను. "నానూ సూసినాను. ఏటా రెండుసార్లు వత్తాదని మీకు నాను సెప్పనేదేటి?"

మా ఆయన నన్ను కాసేపు చూసి, టిఫిను డబ్బా చేతపట్టుకుని, షెడ్డు వైపు నడిచి వెళ్లిపోయారు. వాల్తేరు సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అత్త నీళ్లు నిండిన తన బిందె చంకనెత్తుకుంది. నాది కూడా రెండో చేత పట్టుకుని, ఇంటి వైపు నడిచింది. "రాయే," అంది వెనక్కి తిరక్కుండానే. "గోల్ బజార్‌కెల్లి కొత్త రోకలి తేవాల."